కొట్టులో కాటాకు ముద్ర ఉంది, థీసిస్ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్‌కు లేదు: మన విశ్వవిద్యాలయాల పెద్దలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, రిజిస్ట్రార్లకు, రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్ల అధ్యక్షులకు,

నమస్కారం.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే కాంట్రాక్టు ప్రోగ్రామర్‌ని. పద్నాలుగేళ్లుగా ఇదే పని. పరిశోధక విద్యార్థుల మెషీన్లలో గణాంక సాఫ్ట్‌వేర్ వేయడం, లైసెన్సు గడువులు చూసుకోవడం, లెక్క తేడా వస్తే ఎందుకొచ్చిందో వెతకడం నా రోజువారీ బాధ్యత. ఈ లేఖలో రాసేదంతా మా విశ్వవిద్యాలయానికి మూడుసార్లు వినతిపత్రంగా ఇచ్చాను. మొదటిదానికి "పరిశీలిస్తాం" అన్నారు. రెండోది ఏ సెక్షన్లో ఉందో ఎవరూ చెప్పలేకపోయారు. మూడోదానికి రసీదు ఒక్కటే వచ్చింది. మా ఒక్క చోటే ఇలా ఉంటే బయటికి చెప్పేవాణ్ని కాదు. నాలాంటి పనిలోనే ఉన్న పక్క జిల్లాల మిత్రులు కూడా ఇదే చెబుతున్నారు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

కిరాణా కొట్టులో కాటాకు తూనికలు, కొలతల శాఖవాళ్లు గడువు ప్రకారం ముద్ర వేస్తారు. ముద్ర లేని కాటాతో పప్పు తూచితే కేసు. మన కెమిస్ట్రీ ల్యాబ్‌లో బ్యాలెన్సు పక్కన క్యాలిబ్రేషన్ కాగితం అంటించి ఉంటుంది. అయితే ఆ బ్యాలెన్సు మీద తూచిన బరువులన్నీ తీసుకుని "ఈ ఎరువు పనిచేసింది, ఈ మందు పనిచేయలేదు" అని తేల్చే సాఫ్ట్‌వేర్ ఉందే, అది ఎక్కడి నుంచి వచ్చింది, ఏ వెర్షను, దానికి లైసెన్సు ఉందా, సరిగ్గానే లెక్కిస్తోందా అని మన దగ్గర ఎవరూ అడగరు. నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నది ఇదొక్కటే. అది కూడా ఒక కొలత పరికరమే. దానికీ పరీక్ష కావాలి, ముద్ర కావాలి.

జరిగినవి రెండు మూడు చెబుతాను.

నిరుడు ఫిబ్రవరిలో ఒక రాత్రి ల్యాబ్‌కు తాళం వేస్తుంటే ఒక స్కాలర్ పరుగెత్తుకొచ్చింది. "అన్నా, రేపు మా గైడ్‌గారికి నాలుగో చాప్టర్ ఇవ్వాలి. ఈ ప్యాకేజీ ఓపెన్ కావట్లేదన్నా" అంది. తెరిచి చూశాను. ఆ ప్యాకేజీ ఆమె కొన్నదీ కాదు, విశ్వవిద్యాలయం ఇచ్చిందీ కాదు. ఎవరో సీనియర్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్, అంటే లైసెన్సు తాళం విరగ్గొట్టిన దొంగ కాపీ. ఫోల్డర్‌లో సూచనల ఫైలు ఉంది. ముందు యాంటీవైరస్ ఆపాలి. నెట్ తీసేయాలి. కంప్యూటర్ తేదీ వెనక్కి మార్చాలి. అసలు ఫైలు తీసేసి ఆ చోట ఇంకో ఫైలు పెట్టాలి. పాపం ఆ అమ్మాయి పొల్లు పోకుండా అన్నీ చేసింది. తేదీ వెనక్కి పోవడంతో స్కాలర్‌షిప్ వెబ్‌సైటు కూడా తెరుచుకోవడం మానేసింది. వారం తిరక్కుండానే ల్యాప్‌టాప్‌లో ఫైళ్లన్నిటికీ పేర్ల చివర ఏవో అక్షరాలు చేరి, తాళం పడిపోయాయి. విడిపించాలంటే డబ్బు కట్టమని ఒక నోటు మిగిలింది.

మూడు మండలాల్లో ఇల్లిల్లూ తిరిగి చేసిన సర్వే అది. అదృష్టం కొద్దీ కాగితం ఫారాలు గోనెసంచిలో కట్టి హాస్టల్ గదిలో దాచుకుంది. ఎండాకాలమంతా కూర్చుని మళ్లీ ఒక్కొక్కటీ ఎక్కించింది. ఈలోపు ఫెలోషిప్ గడువు అయిపోయింది. ఆమెది దొంగబుద్ధి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కావాల్సిన పరికరం మనం చేతికివ్వలేదు. గడువు మాత్రం పెట్టాం.

రెండోది వేరుశనగ పొలం నుంచి వచ్చింది. ఐదు ఎరువు మోతాదులు, నాలుగు బ్లాకులు, మొత్తం ఇరవై మడులు. అందులో రెండు మడులు అడవిపందులు తవ్వేశాయి, పద్దెనిమిది మిగిలాయి. స్కాలర్ అదే డేటాను తన ల్యాప్‌టాప్‌లో 'ఆర్' అనే ఉచిత గణాంక సాఫ్ట్‌వేర్‌లో వేశాడు, ల్యాబ్‌లో ఇంకో ప్యాకేజీలో వేశాడు. పీ-విలువ (0.05కు కిందుంటే తేడా కాకతాళీయం కాదని లెక్కలోకి తీసుకునే అంకె) ఒకచోట 0.05కు కింద, ఇంకోచోట పైన వచ్చింది. రెండు సాఫ్ట్‌వేర్లలో ఏదీ తప్పు చేయలేదు. మడులన్నీ ఉన్నప్పుడు రెండు లెక్కలూ ఒకటే. మడులు పోయినప్పుడు విడిపోతాయి. ఆర్‌లో మామూలుగా వాడే అనోవా లెక్క (మోతాదుల సగటుల మధ్య తేడా ఉందో లేదో తేల్చేది), మోడల్లో ఏది ముందు రాశామో ఏది వెనక రాశామో చూసి వరుసగా పంచుతుంది. అతను మోతాదు ముందు రాసి బ్లాకు వెనక రాశాడు. రెండో ప్యాకేజీ వరుసతో పని లేకుండా టైప్ త్రీ పద్ధతిలో చేస్తుంది. ఈ ముక్క తెలిసిన మనిషి పక్కనుంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. పక్కన ఎవరూ లేరు. గైడ్‌గారు "స్టార్ గుర్తు వచ్చినది పెట్టు" అన్నారట. పీ-విలువ 0.05కు కింద వస్తే పక్కన పెట్టే గుర్తు అది. అతను నా దగ్గరికి వచ్చేసరికి థీసిస్ బైండింగ్‌కు వెళ్లిపోయింది.

ఇక లైసెన్సుల సంగతి. ఒక విభాగంలో బీరువా సర్దుతుంటే ఖరీదైన విశ్లేషణ సాఫ్ట్‌వేర్ పెట్టె సీలు కూడా విప్పకుండా దొరికింది. అది ఏడాది లైసెన్సు. కొనుగోలు ఫైలు ఆర్థిక సంవత్సరం చివర్లో హడావుడిగా కదిలింది, పెట్టె వచ్చింది, స్టాకు రిజిస్టర్లో ఎక్కింది. ఇన్‌స్టాల్ చేయమని మాత్రం ఎవరికీ చెప్పలేదు. గడువు అలాగే తీరిపోయింది. ఇంకో చోట ఉన్న లైసెన్సు ఒక్క మెషీన్‌కే కట్టి ఉంది. ఆ మెషీన్ మదర్‌బోర్డు కాలిపోతే దాంతోపాటే లైసెన్సూ పోయింది. కీ మార్చమని కంపెనీకి రాయాలంటే కొన్న అధికారి మెయిల్ నుంచే రాయాలి. ఆయన రిటైరయ్యారు.

వీటి దెబ్బ ఎవరికి తగులుతుందో వరుసగా చెబుతాను.

1. రైతుకు. ఒక థీసిస్‌లో తేలిన మోతాదు సిఫారసుగా మారి కరపత్రంలోకి, అక్కడి నుంచి రైతు కొనే బస్తాల లెక్కలోకి వస్తుంది. అప్పు తెచ్చి అదనంగా ఒక బస్తా వేసినవాడికి, ఆ బస్తా వెనకున్న స్టార్ గుర్తు మోడల్లో పదాల వరుస వల్ల వచ్చిందని ఎవరు చెబుతారు? పరిశోధన తప్పుకు రైతు దగ్గర రసీదు ఉండదు.

2. రోగికి. ఇంగ్లండులో 2020 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాకుండా పోయాయి. కారణం వైరస్ కాదు. పాత ఎక్సెల్ (ఎక్స్‌ఎల్‌ఎస్) రకం ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. మిగిలినవి చడీచప్పుడు లేకుండా రాలిపోయాయి. ఆ మనుషుల పక్కన తిరిగినవాళ్లను వెతకడం ఆ మేరకు ఆలస్యమైంది. అంత పెద్ద వ్యవస్థలో జరిగింది, మన జిల్లాల డేటాకు జరగదని నేను ధీమాగా చెప్పలేను. మా ల్యాబ్‌లో ఇప్పటికీ అదే రకం ఫైళ్లు రోజూ చేతులు మారుతున్నాయి.

3. మొదటి తరం చదువుకున్న స్కాలర్‌కు. కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. లాభం కోసం వాడకపోతే జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే వెసులుబాటు కోర్టుకు ఉంది. అయినా ఇరవై ఆరేళ్ల పిల్లవాడు ఆ భయం ఎందుకు మోయాలి? డబ్బున్న ఇంటి పిల్లలు లైసెన్సు కొనుక్కుంటారు. కూలి చేసి చదివించినవాళ్ల పిల్లలు పెన్‌డ్రైవ్ అందుకుంటారు. ఒకే డిగ్రీకి ఇద్దరూ రెండు రకాల పనిముట్లతో పోటీ పడుతున్నారు.

4. తెలుగులో సమాధానం చెప్పిన గ్రామస్తులకు. ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. సర్వేలో ఊరి పేరు, వీధి పేరు, ఇంటి యజమాని చెప్పిన మాట తెలుగులోనే రాసుకుంటాం. విండోస్ మీద ఆర్ 2022 ఏప్రిల్లో వచ్చిన 4.2 వెర్షను నుంచే యూనికోడ్‌ను (తెలుగు లాంటి అన్ని లిపులకూ పనికొచ్చే అక్షర సంకేతాల పద్ధతిని) సహజంగా తీసుకుంటోంది. అదీ విండోస్ 10 కొత్త రూపాల్లోనే. పైగా అదే వెర్షను నుంచి 32 బిట్ విండోస్‌కు ఆర్ రావడం ఆగిపోయింది. మన ల్యాబ్‌లలో పాత మెషీన్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. వాటిలో ఊరి పేరు ఉండాల్సిన చోట కోణపు బ్రాకెట్లలో సంకేతాల బారు కనిపిస్తుంది. ఒక స్కాలర్ అది చూసి విసిగి, ఊళ్లన్నిటికీ తనే ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు కొట్టుకున్నాడు. ఒకే ఊరిని మూడు రకాలుగా కొట్టాడు. లెక్కలో అది మూడు ఊళ్లయింది.

5. పన్ను కట్టేవాళ్లకు. సీలు విప్పని పెట్టె గురించి పైన రాశాను. అంతకన్నా చెప్పేదేమీ లేదు.

ఉచిత సాఫ్ట్‌వేర్ వాడితే ఈ బెడద పోతుందని కొందరంటారు, డబ్బుపెట్టి కొంటే పోతుందని ఇంకొందరు. నా అనుభవంలో రెండూ సగం మాటలే. ఆర్ తెరవగానే దీనికి ఎలాంటి హామీ లేదని అదే మొదటి తెరమీద చెబుతుంది. డబ్బుపెట్టి కొన్నవాటి ఒప్పందం కాగితాలు కూడా చివరిదాకా ఓపిగ్గా చదవండి, ఫలితాల బాధ్యత వాడేవాడిమీదే పెడతాయి. కాబట్టి ఏది వేసినా పరీక్షించుకోవాల్సింది మనమే. తెర మీద బొమ్మ వచ్చింది కదా, ఇన్‌స్టాల్ అయిపోయింది అనుకుంటాం. అయిపోలేదు. జవాబు ముందే తెలిసిన డేటా ఇచ్చి, అదే జవాబు తిరిగి వచ్చిందో లేదో చూసినప్పుడే అయిపోయినట్టు.

ఇది కొత్తగా నేను కనిపెట్టిన మాట కాదు. 1967లోనే జేమ్స్ లాంగ్లీ అనే ఆయన అమెరికా ఉద్యోగాల లెక్కలు, 1947 నుంచి 1962 దాకా పదహారేళ్లవి, అప్పటి రిగ్రెషన్ (ఒక అంకె మిగతావాటిని బట్టి ఎలా మారుతుందో లెక్కించే) ప్రోగ్రాములకు ఇచ్చి చూశాడు. చేత్తో చేసిన లెక్కతో పోల్చితే ఒక్కో ప్రోగ్రాము ఒక్కో జవాబు చెప్పింది. ఆ పదహారు వరుసల డేటా ఇవాళ ఆర్‌తోపాటే ఉచితంగా వస్తోంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇలాంటి డేటా కట్టలను, ధ్రువీకరించిన జవాబులతో సహా, అందరికీ అందుబాటులో పెట్టింది. అందులో నోరిస్ అనేది ఓజోన్ కొలిచే పరికరాల క్యాలిబ్రేషన్ డేటా, ముప్పై ఆరు వరుసలు. దానికి గీసే సరళరేఖ వాలు 1.00211681802045 రావాలి. మీ ల్యాబ్‌లో ఏ సాఫ్ట్‌వేర్‌కైనా ఇచ్చి చూడండి. పక్కపక్క మెషీన్లలో చివరి అంకెల దాకా సరిపోతే సంతోషం. మూడో అంకె దగ్గరే తేడా వస్తే, ఆ మెషీన్లో నిన్నటిదాకా జరిగిన లెక్కల సంగతేమిటని అడగాల్సిందే.

పరీక్షించకపోతే ఏమవుతుందో పెద్ద పెద్దవాళ్లకే అనుభవమైంది. ప్రొటీన్ల ఆకృతి తేల్చే జెఫ్రీ చాంగ్ బృందం 2006-07లో ఐదు పరిశోధన పత్రాలు వెనక్కి తీసుకుంది. వేరే ల్యాబ్ నుంచి చేతికొచ్చిన ఒక చిన్న ప్రోగ్రాము రెండు నిలువు వరుసల డేటాను అటూఇటూ మార్చేస్తోందని ఏళ్ల తర్వాత తెలిసింది. చేతులు మారిన ప్రోగ్రాము అనగానే నాకు మా పెన్‌డ్రైవ్‌లే గుర్తొచ్చాయి. జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తున్న సంగతి కూడా వినే ఉంటారు. సెప్ట్1 అని కొడితే సెప్టెంబరు 1 అయిపోతుంది. ఎక్సెల్‌లో జన్యువుల పట్టికలు జతచేసిన పత్రాల్లో సుమారు ఐదో వంతులో ఈ తప్పు ఉందని 2016లో తేలింది. చివరికి 2020లో జన్యువుల పేర్లే మార్చుకున్నారు.

ఇంకొక్క మాట. థీసిస్‌లో వాక్యాలు కాపీ కొట్టారా అని చూడటానికి యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. 2019 నుంచి శోధ్‌శుద్ధి కింద విశ్వవిద్యాలయాలకు ఆ సాఫ్ట్‌వేర్ కేంద్రమే ఇస్తోంది. పోలిక పది శాతం దాటితే థీసిస్ ఆగుతుంది. మంచిదే. మాటలకు అంత జల్లెడ పట్టే మనం అంకెలకు ఏ జల్లెడా ఎందుకు పట్టడం లేదు? పరిశోధన పత్రికల కోసం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద మూడేళ్లకు ఆరు వేల కోట్లు కేటాయించారు. పత్రం చదవడానికి దారి దొరికింది. ఆ పత్రంలోని లెక్కను మన డేటా మీద చేసి చూసుకునే పనిముట్టు సంగతి అలాగే ఉండిపోయింది.

అందుకని మా డిమాండ్లు ఇవి.

1. ప్రతి విశ్వవిద్యాలయం తన దగ్గరున్న విశ్లేషణ సాఫ్ట్‌వేర్ల జాబితా వెబ్‌సైటులో పెట్టాలి. పేరు, వెర్షను, ఎన్ని లైసెన్సులు, గడువు ఎప్పటిదాకా, ఎవరిని అడగాలి. కీ ఒక్కరి గదిలో, ఒక్కరి మెయిల్‌లో ఉండకూడదు. పదవి పేరు మీద ఉండాలి.

2. ఆర్, పైథాన్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రతి ల్యాబ్‌లో మొదటి పనిముట్టుగా పెట్టాలి. ఏడాదికొక వెర్షను నిర్ణయించి, ప్యాకేజీలతో సహా క్యాంపస్ సర్వర్‌లో ఉంచాలి. క్యాంపస్ నెట్‌ను అదుపుచేసే ప్రాక్సీ వెనకాల కూర్చుని ఒక్కొక్క ప్యాకేజీ కోసం పిల్లలు పూట పూటంతా పోగొట్టుకుంటున్నారు. పొద్దున వేసింది రీస్టార్ట్ చేయగానే తుడిచిపెట్టుకుపోయే ల్యాబ్‌లూ ఉన్నాయి. వెర్షను నిర్ణయించడం ఎందుకంటే, 2019లో ఆర్ 3.6 రాగానే యాదృచ్ఛిక ఎంపిక పద్ధతి మారింది. అదే సీడ్ (యాదృచ్ఛిక ఎంపికను మొదలుపెట్టే అంకె) ఇచ్చినా పాత ఫలితం రాదు. వైవాలో ఎగ్జామినర్ మళ్లీ నడిపి చూసి "ఇదేమిటి?" అంటే పిల్లవాడు నిలువునా వణికిపోతాడు. నేర్పడానికి ఐఐటీ బొంబాయిలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడకం పెంచే ఫాసీ ప్రాజెక్టు ఉంది. అక్కడి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు డబ్ చేస్తున్న భాషల్లో తెలుగు కూడా ఉంది.

3. డబ్బు పెట్టక తప్పని ప్యాకేజీలను విభాగానికొకటి కొనడం మాని, రెండు విద్యామండళ్లూ కలిసి ఫ్లోటింగ్ లైసెన్సులు (ఒక్క మెషీన్‌కు కట్టకుండా అవసరమైనవాళ్లు వాడుకునేవి) తీసుకోవాలి. ఇది కుదరదనడానికి లేదు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల కోసం ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ గణాంక పరిశోధన సంస్థ ద్వారా సాస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ఇలాగే ఉమ్మడిగా ఇచ్చారు.

4. ఇన్‌స్టాల్ చేసిన ప్రతి మెషీన్‌కూ పరీక్ష జరగాలి. నిస్ట్ డేటా కొన్ని, మడులు పోయిన పొలం డేటా ఒకటి, తెలుగు పేర్లున్న ఫైలు ఒకటి, రోజు-నెల తారుమారయ్యే తేదీల ఫైలు ఒకటి. ఆర్‌లో, పైథాన్ లెక్కల ప్యాకేజీ నంపైలో తమను తామే పరీక్షించుకునే ఆజ్ఞలు ఉన్నాయి, అవీ నడపాలి. ఫలితం కాగితం మెషీన్ మీద అంటించాలి. వెర్షను మారినప్పుడల్లా మళ్లీ చేయాలి.

5. థీసిస్‌లో ఒక పేజీ తప్పనిసరి చేయాలి. ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షను, ఏ ఆజ్ఞలు, ఏ రకం అనోవా. డేటా, కోడ్ గ్రంథాలయంలో జమ చేయాలి.

6. క్రాక్ వాడుతున్నామని ఒప్పుకున్న విద్యార్థి మీద చర్య ఉండదని రాతపూర్వకంగా ప్రకటించి, ఆరు నెలల గడువు ఇవ్వాలి. భయపెడితే దాచుకుంటారు. దాచుకుంటే ఏ థీసిస్ ఏ కాపీ మీద నడిచిందో ఎప్పటికీ తెలియదు.

7. ప్రతి విశ్వవిద్యాలయంలో గణాంకాలూ కంప్యూటరూ రెండూ తెలిసిన ఒక మనిషిని రెగ్యులర్ పోస్టులో పెట్టాలి. ఇందులో నా స్వార్థం ఉందని ఎవరైనా అనుకోవచ్చు. పోటీ పరీక్ష పెట్టి, అర్హులెవరైతే వాళ్లనే తీసుకోండి. ఆ కుర్చీ ఖాళీగా ఉండకూడదన్నదే నేను కోరేది.

వీటిలో ఒకటి, నాలుగు, ఐదు, ఆరు అంశాలకు పెద్దగా డబ్బు అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. వచ్చే విద్యాసంవత్సరం ప్రీ-పీహెచ్‌డీ తరగతులు మొదలయ్యేలోగా ఆ నాలుగింటి మీదైనా ఆదేశం ఇవ్వమని కోరుతున్నాం. ఇవ్వలేకపోతే ఎందుకు ఇవ్వలేరో రాతపూర్వకంగా చెప్పమని కోరుతున్నాం.

నాలుగో అంశంలో చెప్పిన పరీక్ష ఫైళ్లు నేను ఇప్పటికే తయారుచేసి పెట్టుకున్నాను. అన్నీ ఒక ఫోల్డర్లో ఉన్నాయి. రావాల్సిన జవాబులు పక్కనే తెలుగులో రాశాను. ఒక్కో మెషీన్‌కు ఇరవై నిమిషాలు పడుతుంది. ఏ విశ్వవిద్యాలయం పిలిచినా ఆదివారం నా ఖర్చుతో వచ్చి, మీ ల్యాబ్‌లో మీ మనుషుల ఎదుటే నడిపి చూపిస్తాను.

ఇట్లు,
ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయ కంప్యూటర్ ల్యాబ్ కాంట్రాక్టు ప్రోగ్రామర్